ఫ్రీసెల్ ఎలా ఆడాలి? మొదటి ముక్క కదపక ముందే దారి వెతకడం

ఒక్కరే కూర్చుని ఆడే పేకాటలన్నిటినీ కలిపి సాలిటేర్ అంటారు. కంప్యూటర్లలో సాలిటేర్ అన్న పేరుతో మనలో చాలామంది ఆడిన ఆట క్లాండైక్. అందులో పంపకం కాగానే 21 ముక్కలు బోర్లా పడి ఉంటాయి, మరో 24 కట్టలో దాగి ఉంటాయి. ఎంత జాగ్రత్తగా ఆడినా ఏ ముక్క వస్తుందో ముందుగా తెలియదు. ఫ్రీసెల్‌లో ఆ దాపరికం లేదు. మొత్తం 52 ముక్కలూ మొదటి క్షణం నుంచీ మన కళ్లెదుటే ఉంటాయి. పంచడం పూర్తయ్యాక అదృష్టం చేయగలిగింది ఇంకేమీ ఉండదు, మిగిలినదంతా మన ఆలోచనే. ఈ ఆట నాకు ఇంతగా నచ్చడానికి కారణం అదే.

ముక్కలు పరచడం

ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఆడవచ్చు. కానీ నేర్చుకునే వారం రోజులూ నిజమైన పేకతో బల్ల మీద ఆడమని నా సలహా. చేత్తో కదిపితే ప్రతి ఎత్తుకూ ఎంత ఖర్చవుతోందో తెలుస్తుంది.

జోకర్లు తీసేసి కట్ట బాగా కలపండి. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క ముక్క చొప్పున ఎనిమిది నిలువు వరుసలుగా, అన్నీ తెరిచి, ఒకదాని మీద ఒకటి కొంచెం కనబడేలా పంచండి. మొదటి నాలుగు వరుసల్లో 7 ముక్కలు, మిగిలిన నాలుగింటిలో 6 ముక్కలు వస్తాయి. వరుసల పైన ఎడమ పక్క నాలుగు ముక్కలకు చోటు వదలండి. ఇవే ఖాళీ గళ్లు, ఆటకు పేరు వచ్చింది వీటి వల్లే. కుడి పక్క మరో నాలుగు చోట్లు ఆసుల కోసం.

నియమాలు

నాలుగు గుర్తులనూ ఆసు నుంచి రాజు దాకా వరుసగా కుడి పక్క గళ్లలోకి ఎక్కించాలి. ఇస్పేటు ఆసు మీద ఇస్పేటు రెండు, దాని మీద ఇస్పేటు మూడు, అలాగ. 52 ముక్కలూ ఎక్కితే గెలిచినట్టు.

ప్రతి వరుసలో మన వైపున్న చివరి ముక్క ఒక్కటే కదులుతుంది. దాన్ని మరో వరుస చివర పెట్టాలంటే అక్కడున్న ముక్క ఒక అంకె పెద్దదై, వేరే రంగుదై ఉండాలి. ఎర్ర ఎనిమిది మీద నల్ల ఏడు పెట్టవచ్చు, ఎర్ర ఏడు పెట్టకూడదు. ఏ చివరి ముక్కనైనా ఖాళీ గడిలో దాచుకోవచ్చు, గడికి ఒక్కటే. వరుస మొత్తం ఖాళీ అయితే అందులో ఏ ముక్కైనా పెట్టవచ్చు. క్లాండైక్ అలవాటున్నవారు అక్కడ రాజు మాత్రమే పెట్టాలనుకుంటారు, ఇక్కడ ఆ నియమం లేదు.

ముందు చూడండి

నేను ఇప్పటికీ మొదటి రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంటాను. ముందు నాలుగు ఆసులు ఎక్కడున్నాయో, తరువాత రెండ్లు, మూళ్లు ఎక్కడున్నాయో వెతకాలి. ఒక్కొక్క ఆసు మీద ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టాలి. తక్కువ బరువున్న ఆసుతో మొదలుపెట్టడం సహజమే కానీ, దాని రెండు మరో వరుస అడుగున కూరుకుపోయి ఉంటే ఆ ఆసు బయటపడి పెద్ద లాభం లేదు. ఆసు, రెండు, మూడు కలిసి బయటకు వచ్చే దారి కోసం చూడాలి.

రాజులనూ చూసుకోవాలి. వరుస మొదట్లో అడుగునున్న రాజుతో ఇబ్బంది లేదు, దాన్ని కదపాల్సిన పని అంత తొందరగా రాదు. వరుస చివర కూర్చున్న రాజుతోనే చిక్కు. దానికంటే పెద్ద ముక్క లేదు కనుక ఖాళీ గడిలోకో, ఖాళీ వరుసలోకో తప్ప ఎక్కడికీ పోదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఆఠీను ఆసు మీద మూడు ముక్కలున్నాయి: చివర ఇస్పేటు తొమ్మిది, దాని వెనుక డైమను జాకీ, ఆ వెనుక కళావరు నాలుగు. కొత్తగా ఆడేవారు మూడింటినీ మూడు గళ్లలో పెట్టి ఆసును ఎక్కించేస్తారు. ఆసు వచ్చింది, కానీ ఇక మిగిలింది ఒక్క గడి. అదే పంపకంలో మిగతా వరుసల చివర్లు చూడండి: ఒక చోట డైమను పది, ఒక చోట కళావరు రాణి, ఇంకో చోట ఆఠీను ఐదు ఉన్నాయి. తొమ్మిదిని పది మీదికి, జాకీని రాణి మీదికి, నాలుగును ఐదు మీదికి పంపితే ఒక్క గడీ వాడకుండా ఆసు బయటపడుతుంది. అయినా వెంటనే కదపకండి. ఆ డైమను పది ఉన్న వరుసలోనే మరో ఆసు ఉందనుకోండి, తొమ్మిదిని అక్కడ పెట్టడమంటే దాని మీద ఇంకో రాయి వేయడమే. ఆఠీను పది మరో వరుస చివర ఉంటే అక్కడికి పంపడం మేలు.

గళ్ల లెక్క

నియమం ప్రకారం ఒకసారికి ఒక్క ముక్కే కదులుతుంది. కంప్యూటర్‌లో ఒక జారుడు, అంటే రంగు మారుతూ ఒక్కో అంకె తగ్గుతూ పేర్చిన ముక్కల గుంపు, మొత్తం ఒకేసారి కదిలినట్టు కనిపించినా, అది చేసేది ఖాళీ గళ్లలో దించి ఎత్తడమే. రెండు గళ్లు ఖాళీగా ఉంటే మూడు ముక్కలు కదలగలవు: రెండింటిని గళ్లలో దించి, మూడోదాన్ని చేర్చి, ఆ రెండింటిని మళ్లీ దాని మీదికి తేవడం. అంటే ఖాళీ గళ్ల సంఖ్యకు ఒకటి కలపాలి.

ఒక వరుస కూడా ఖాళీగా ఉంటే ఈ సంఖ్య రెట్టింపవుతుంది, రెండు వరుసలుంటే మళ్లీ రెట్టింపు. నాలుగు గళ్లూ ఖాళీగా ఉంటే 5 ముక్కలు, దానికి తోడు ఒక ఖాళీ వరుస ఉంటే 10. అయితే ఆ ఖాళీ వరుసలోకే జారుడును తీసుకువెళ్తుంటే దాన్ని లెక్కలో చేర్చకూడదు. ఖాళీ వరుస ఖాళీ గడి కంటే ఎందుకు విలువైనదో ఈ లెక్కే చెబుతుంది. దొరికిన వరుసలో తొందరపడి ఏదో ఒకటి పెట్టేయకండి. రాజును పెట్టడం మంచిదే, దాని మీదికి వెంటనే రాణి, జాకీ వచ్చే దారి కనిపిస్తున్నప్పుడు.

నా సొంత కట్టుబాటు ఒకటుంది. రెండు గళ్లు నిండగానే ఆగుతాను. వాటిలోని ముక్కలు తిరిగి ఎప్పుడు, ఎక్కడికి దిగుతాయో చెప్పుకోలేకపోతే మూడో గడి ముట్టుకోను.

ఎక్కించడంలోనూ తొందర వద్దు

ఆసులు, రెండ్లు దొరికినప్పుడల్లా ఎక్కించవచ్చు. మూడు నుంచి మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి: దీని మీద ఆనాల్సిన ముక్క ఇంకా వరుసల్లో ఉందా? ఆఠీను ఐదును ఎక్కించేస్తే, నల్ల నాలుగు దిగడానికి ఒక చోటు పోయినట్టే. రెండు నల్ల నాలుగులూ అప్పటికే ఎక్కి ఉంటే నిశ్చింతగా ఎక్కించవచ్చు. అందుకే ఒక గుర్తును ఒక్కదాన్నే ఎగబాకనివ్వకుండా నాలుగింటినీ దగ్గర దగ్గరగా నడపడం మంచిది. వాటంతటవే ముక్కలు ఎక్కిపోయే సదుపాయం మీ ఫోనులో ఉంటే, నేర్చుకునేటప్పుడు ఆపేయండి.

ఓడిపోతే

పంపకమే చెడ్డదని అనాలనిపిస్తుంది. కానీ ఈ ఆటలో ఆ మాట దాదాపు ఎప్పుడూ నిలవదు. పాల్ ఆల్ఫిల్ 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో కంప్యూటర్ వ్యవస్థ మీద ఫ్రీసెల్‌ను తయారుచేశాడు. తరువాత జిమ్ హార్న్ రాసిన రూపం విండోస్ 95తో పాటు ఇళ్లకు, కార్యాలయాలకు చేరింది. అందులో 1 నుంచి 32,000 దాకా అంకెలు వేసిన పంపకాలున్నాయి. వాటన్నిటిలో ఎవరూ, ఏ ప్రోగ్రామూ గెలవలేనిది ఒక్కటే, 11982వ పంపకం. తరువాత వచ్చిన పది లక్షల పంపకాల జాబితాలోనూ గెలుపు లేనివి 8 మాత్రమే.

కాబట్టి ఓడిన పంపకాన్ని వదిలి కొత్తది తీయకండి. అంకె రాసుకుని అదే మళ్లీ ఆడండి. బల్ల మీద ఆడుతుంటే, పంచగానే ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే అదే పంపకాన్ని తిరిగి పరచవచ్చు. రెండోసారి ఆడేటప్పుడు, గళ్లు నిండిపోయిన చోటికి కాక, అంతకు ఐదారు ఎత్తుల ముందుకు వెళ్లి చూడండి. తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది: రెండు నల్ల తొమ్మిదులుండగా ఒకదాన్ని ఆలోచించకుండా ఎంచుకోవడమో, ఒక గడిని అనవసరంగా నింపడమో. అక్కడ రెండో దారి పట్టి, ఆ పంపకం తేలేదాకా ఆడండి.