సర్కారు దస్త్రంలో మన వివరాలు – 3వ పాఠం: అడగాల్సింది కారణం కాదు, కాగితం

మొదటి రెండు పాఠాల్లో జల్లెడ పట్టడం నేర్చుకున్నాం. ఏ ప్రభుత్వ ఆఫీసు మన వివరాలు అడిగినా దాని వెనక చట్టం ఉందా, పని న్యాయమైనదేనా, ఆ పనికి కావలసినదాని కన్నా ఎక్కువ లాగుతున్నారా అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి ఏకాంతం (ప్రైవసీ) ప్రాథమిక హక్కేనంటూ ఇచ్చిన పుట్టస్వామి తీర్పు నుంచి వచ్చినవే ఆ ప్రశ్నలు. కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి మన బెంగళూరు మనిషే, కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జడ్జి.

ఇక చేత్తో చేసే పనికి వద్దాం. మన గురించి ఒక ఆఫీసు ఏం రాసి పెట్టుకుందో ఆ కాగితాన్ని బయటికి తీయించడమే ఈ పాఠం.

ఉదాహరణకు బెంగళూరు కె.ఆర్. పురంలో అద్దెకుండే ఒక తెలుగు కుటుంబం అనుకోండి. కర్ణాటక ప్రభుత్వ పథకం గృహలక్ష్మి కింద ఇల్లాలి ఖాతాలో నెలనెలా పడే 2,000 రూపాయలు ఆగిపోయాయి. వెళ్లి అడిగితే, ‘మీ ఇంట్లో ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లున్నారని చూపిస్తోందమ్మా’ అన్నారు. భర్తకు పాన్ కార్డు ఉంది కానీ ఏనాడూ పన్ను కట్టింది లేదు. అలా చూపిస్తున్నది ఎవరు, ఏ తేదీన, ఏ శాఖ ఇచ్చిన జాబితాను బట్టి? కంప్యూటరు తెర అటు తిరిగి ఉంటుంది, ఇటు ఉన్న మనకు ఒక్క ముక్కా కనబడదు.

కొత్త చట్టం ఇంకా అక్కరకు రాదు

‘డేటా రక్షణ చట్టం వచ్చిందిగా, దాని కింద అడిగితే సరిపోదా?’ అని చాలామంది అనుకుంటారు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అయితే ముఖ్యమైన బాధ్యతలు, హక్కులు అమలుకు రావడానికి నియమాలు 18 నెలల గడువు పెట్టాయి. ఆ లెక్కన 2027 మే దాకా ఆగాలి.

ఆగినా ఒక మెలిక ఉంది. ‘నా డేటా ఏముందో చెప్పండి’ అని అడిగే హక్కు సెక్షన్ 11లో ఉంది, కానీ అది మనం సమ్మతి ఇచ్చిన డేటాకే. సబ్సిడీ, పథకం, సర్టిఫికెట్, లైసెన్సు పనుల కోసం ప్రభుత్వం సెక్షన్ 7(బి) కింద మన వివరాలు వాడుకునేటప్పుడు కొత్తగా సమ్మతి అడగక్కర్లేదు. ఒకసారి ఏదో ఒక పథకానికి సరేనన్నా చాలు, లేదా ప్రభుత్వం నోటిఫై చేసిన రికార్డుల్లో ఆ వివరం ముందే ఉన్నా చాలు. ఇంకా 17(4) ప్రకారం ‘నా డేటా చెరిపేయండి’ అనే హక్కు ప్రభుత్వ శాఖల దగ్గర చెల్లదు. కంపెనీలను నిలదీయడానికి రాసినంత గట్టిగా సర్కారును నిలదీయడానికి ఈ చట్టం రాయలేదు, ఆ సంగతి దాచుకోవాల్సిన పని లేదు.

అందులో మనకు పనికొచ్చే వాక్యం ఒకటుంది, గుర్తుపెట్టుకోండి: సెక్షన్ 8(3). ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయం తీసుకోవడానికి డేటా వాడితే, అది పూర్తిగా, తప్పుల్లేకుండా ఉండేలా చూసే బాధ్యత వాడేవాళ్లదే. గృహలక్ష్మి ఆపడం అలాంటి నిర్ణయమే. 8(3) అమలుకు వచ్చిన రోజున దాన్ని ఎత్తి చూపాలంటే, తప్పు ఎక్కడుందో తెలిపే కాగితం ముందే మన చేతిలో ఉండాలి. ఆ కాగితం ఇప్పటికి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కిందే దొరుకుతుంది.

దరఖాస్తు రాయడం

కర్ణాటక నియమాల్లో రెండు షరతులు ఉన్నాయి, హైదరాబాదులో అర్జీలు పెట్టి వచ్చినవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి. మామూలుగా 150 మాటలు దాటకూడదు. ‘నా రేషన్ కార్డు, గృహలక్ష్మి, ఓటరు జాబితా మూడూ చెప్పండి’ అని రాస్తే అక్కడికక్కడే తిప్పి పంపడానికి వాళ్లకు సాకు దొరికినట్టే.

ఇంకోటి భాష. సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. బెంగళూరులో అంటే కన్నడం. తెలుగులో ఇస్తే చెల్లదు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార అధికారిదని సెక్షన్ 6(1) చెబుతుంది. ఆఫీసులో ‘ఆర్టీఐ’ అన్నా అర్థమవుతుంది, బోర్డు మీద మాత్రం ‘మాహితి హక్కు’ అని ఉంటుంది. ‘సార్వజనిక మాహితి అధికారి’ అన్న పేరు కింద ఉన్న మనిషికే అర్జీ వెళ్లాలి.

ముందు తప్పు అర్జీ ఎలా ఉంటుందో చూడండి:

‘నా గృహలక్ష్మి డబ్బు ఎందుకు ఆపారు? నేను పన్ను కట్టనప్పుడు కట్టినట్టు ఎలా రాశారు? ఇది న్యాయమా? నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారు?’

ఆవేదన నిజమే కానీ దీనికి జవాబు రాదు. ఆర్టీఐ కింద ‘సమాచారం’ అంటే రికార్డులో అప్పటికే ఉన్నది. అధికారి కొత్తగా కారణాలు వెతికి చెప్పనక్కర్లేదు, అభిప్రాయం ఇవ్వనక్కర్లేదు. 2011లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ‘ఎందుకు’ అని మొదలయ్యే ప్రతి ప్రశ్నకూ ‘ఇది సమాచారం కిందికి రాదు’ అన్న ఒక్క లైనుతో చేతులు దులుపుకోవచ్చు.

అదే బాధను కాగితాలుగా మార్చి రాస్తే ఇలా ఉంటుంది:

‘ఈ సమాచారం పూర్తిగా నాకు సంబంధించినదే. నా గుర్తింపు కార్డు నకలు జత చేశాను. నా గృహలక్ష్మి దరఖాస్తు సంఖ్య ఫలానా. దీనికి సంబంధించి కిందివాటి ధృవీకృత నకళ్లు ఇవ్వగలరు. 1. పై సంఖ్య కింద మీ రికార్డులో ప్రస్తుతం ఉన్న పూర్తి నమోదు ప్రింటు. 2. చెల్లింపు నిలిపివేయమన్న ఉత్తర్వు, నోట్ షీట్ పేజీలు. 3. నన్ను అనర్హురాలిగా గుర్తించిన జాబితాలో నా పేరున్న వరుస, ఆ జాబితా పంపిన శాఖ పేరు, తేదీ. 4. ఆ శాఖ నుంచి డేటా తీసుకోవడానికి ఆధారమైన ఉత్తర్వు లేదా ఒప్పందం నకలు. 5. తప్పు సవరణకు అర్జీ తీసుకునే అధికారి హోదా.’

ఐదూ ఒకే విషయం. అన్నీ ఆఫీసులో ఉండాల్సిన కాగితాలే. కన్నడంలో పెడితే 150 మాటల్లోపే సరిపోతుంది. అన్నింటికన్నా విలువైనది నాలుగోది. ఆ ఉత్తర్వు లేదని జవాబు వస్తే, మొదటి పాఠంలోని మొదటి ప్రశ్న, ‘చట్టం ఉందా’ అన్నది, మన వైపు తిరిగినట్టే.

అయితే పై మూడో అంశంలో ఒక గుంట ఉంది. పన్ను కట్టినట్టు చూపిస్తున్నది భర్త పాన్ మీద అయితే, అది చట్టం దృష్టిలో భార్య సమాచారం కాదు, ఆయన వ్యక్తిగత సమాచారం. ఆదాయపు పన్ను వివరాలు వ్యక్తిగతమేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కాబట్టి ఆ ముక్క కోసం భర్త తన సంతకంతో, తన గుర్తింపుతో వేరే అర్జీ పెట్టాలి. ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేస్తే పని చెడుతుంది.

రుసుము, రసీదు, రోజుల లెక్క

రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఏమీ లేదు, కాకపోతే కార్డు నకలు పెట్టాలి. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. పోస్టల్ ఆర్డరు పెడితే దాని నంబరు అర్జీ పైనే రాయండి. చేత్తో ఇస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇనీషియల్ మూడూ వేయించుకోండి. ముద్ర ఉండి తేదీ లేని ప్రతి రేపు అప్పీలులో దేనికీ కొరగాదు. కర్ణాటకకు ఆన్‌లైన్ ఆర్టీఐ పోర్టల్ కూడా ఉంది, అందులో పెడితే నంబరు వెంటనే వస్తుంది.

ఆఫీసుకు చేరిన రోజు నుంచి 30 రోజులు. తప్పు ఆఫీసుకు పెట్టినా, వాళ్లే ఐదు రోజుల్లో సరైన చోటుకు పంపాలి. జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క, ఇంకా ఎదురుచూస్తూ కూర్చోవద్దు. అక్కడి నుంచి 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆయన 30 రోజుల్లో, మహా అయితే 45లో తేల్చాలి. అదీ కాకపోతే 90 రోజుల్లోపు కర్ణాటక సమాచార కమిషన్‌కు, అంటే దేవరాజ్ అరస్ రోడ్డులోని మాహితి సౌధకు. అకారణంగా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. ఈ సంగతి అర్జీలో రాసి బెదిరించకండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

‘వ్యక్తిగతం, ఇవ్వం’ అంటే

2025 నవంబరు 14 నుంచి ఈ జవాబు ఎక్కువగా వినబడొచ్చు. వ్యక్తిగత వివరాలు ఎప్పుడు ఇవ్వనక్కర్లేదో చెప్పే 8(1)(జె)ని, సమాచార హక్కు చట్టంలోని నిబంధనను, డేటా రక్షణ చట్టం మార్చింది. ముందు ఆ నిబంధనలో ఇది ప్రజా పనికి సంబంధించినదా, ఇస్తే ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడినట్టా, విశాల ప్రజాప్రయోజనం ఉందా అని తూచి చూసే మాటలుండేవి. ఇప్పుడు ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటే మిగిలింది. ఏకాంతాన్ని కాపాడే చట్టం పేరుతో, మన గురించి ఏం రాశారో మనకే చూపకుండా తలుపు వేసుకునే వీలు దొరికిందన్నమాట.

అప్పీలులో రాయాల్సినవి మూడు మాటలు. మొదటిది, అడిగింది నా సమాచారమే, మూడో మనిషిది కాదు. ఆ నిబంధన ఉన్నది ఒకరి వివరాలు ఇంకొకరి చేతిలో పడకుండా. రెండోది సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 10: జాబితాలో వేరేవాళ్ల పేర్లుంటే వాటిని కొట్టేసి నా వరుస ఇవ్వండి. మూడోది అదే చట్టంలోని సెక్షన్ 8(2): దాచడం వల్ల జరిగే మేలు కన్నా వెల్లడి వల్ల ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న ఈ మాట ఇంకా చట్టంలోనే ఉంది.

అర్జీ అక్కర్లేని రికార్డు ఒకటి

ఆధార్ విషయంలో ఇంత తతంగం లేదు. మైఆధార్ పోర్టల్లో ఓటీపీతో లాగిన్ అయి ‘అథెంటికేషన్ హిస్టరీ’ తెరిస్తే గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడు, వేలిముద్రతోనా ఓటీపీతోనా, ఏ సంస్థ సరిచూసిందో వరుసగా కనబడుతుంది. ఈ రికార్డును ఐదేళ్లు దాచుకోవచ్చన్న నిబంధనను 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అదే పోర్టల్లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, వేసి ఉంచండి. బెంగళూరులో దీని విలువ 2023లో తెలిసొచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజుల నకళ్లు దించుకుని, వాటి మీది వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు వాడి బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు తీసిన కేసులు బయటపడ్డాయి. ఆధార్ ఆధారిత చెల్లింపుకు వేలిముద్ర చాలు, ఓటీపీ అడగదు. లాక్ వేసి ఉంటే ఆ వేలిముద్ర పనిచేయదు. రేషన్ డిపోకో, సిమ్ కోసమో వెళ్లేముందు మాత్రం లాక్ తీసేయాలి, లేకపోతే అక్కడ ‘ఫెయిల్’ అని వచ్చి మిషన్ పాడైందనుకుంటారు. ఎక్కడైనా నకలు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వండి. పై అర్జీకి జత చేయడానికీ అదే చాలు.

అభ్యాసం

మీకు ఏదో ఒక సేవ అందిస్తున్న రాష్ట్ర ఆఫీసును ఒకదాన్ని ఎంచుకోండి. మీ గురించి అక్కడ ఉండాల్సిన కాగితాలు నాలుగు రాయండి. ప్రతి వాక్యం చివర ‘నకలు’ అన్న మాట పెట్టి చూడండి, అతకని వాక్యం ఉంటే అది ఫిర్యాదు, కొట్టేయండి. మిగిలినదాన్ని కన్నడం తెలిసిన వాళ్లతో రాయించి మాటలు లెక్కపెట్టండి.

వచ్చే పాఠం గుమ్మం ముందుకొచ్చే సర్వేల గురించి. 2025 సెప్టెంబరు 25న కర్ణాటక హైకోర్టు సామాజిక, విద్యా సర్వేను ఆపలేదు. కానీ వివరాలు చెప్పడం ఐచ్ఛికమేనని, సేకరించినవి గోప్యంగా ఉంచాలని ఆదేశించింది. ఆ ఉత్తర్వును గుమ్మం దగ్గర ఎలా వాడుకోవాలో అక్కడ చూద్దాం.