అరవై దాటాక తిండి – 4వ పాఠం: పప్పు కొలత, ఉలవల గుగ్గిళ్లు

గత పాఠంలో రాగి పిండి ఉండకట్టకుండా జావ కాచడం చూశాం. ఈసారి పప్పుధాన్యాలు. మా ఇంట్లో పప్పు లేని రోజే ఉండదు, ఇందులో నేర్చుకునేదేముంది అనుకునేవాళ్లు ముందు ఒక చిన్న లెక్క వేసి చూడండి.

నలుగురున్న ఇంట్లో టమాటా పప్పుకి ఒక టీ గ్లాసు కందిపప్పు పోస్తారనుకుందాం. 100 మి.లీ. గ్లాసు తలకొట్టి పోస్తే పట్టేది సుమారు 80 గ్రాములు. మనిషికి 20 గ్రాములు వచ్చింది. కందిపప్పులో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది కాబట్టి ఒక్కొక్కరి కంచంలోకి చేరింది నాలుగున్నర గ్రాములు. అదే పప్పుచారైతే అర గ్లాసుతో సరిపెడతాం, అప్పుడు దక్కేది రెండు గ్రాముల చిల్లర. గరిటె అడుగుదాకా ముంచకుండా పైతేట వేసుకునేవారికి అదీ దక్కదు. ఇంట్లో పెద్దవాళ్లలో ఎక్కువమంది తినేది ఇలాగే. పప్పు రోజూ ఉంటుంది, చాలినంత ఉండదు.

ఎంత కావాలి

వయసు పెరిగేకొద్దీ కండ తరుగుతుంది. పడిపోవడం, కుర్చీలోంచి లేవలేకపోవడం, జ్వరం వస్తే నెలల తరబడి కోలుకోకపోవడం చాలావరకు దీని వెంటే వస్తాయి. పెద్దవారికి, వాళ్ల కిడ్నీలు బాగుంటే, కిలో బరువుకి రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ ఉండాలని వృద్ధాప్య వైద్య నిపుణులు చెబుతున్నారు. భారత వైద్య పరిశోధన మండలి మామూలు పెద్దలకు పెట్టిన కొలత 0.83 గ్రాములు. అరవై దాటినవారు దీనికన్నా కాస్త పైన ఉండటం మంచిది.

60 కిలోల మనిషికి 60 గ్రాములనుకోండి. రోజు మొత్తం మీద పావుకిలో బియ్యం వండుకు తింటే 20 గ్రాములు వస్తాయి. పాలు, పెరుగు కలిపి 300 మి.లీ. తీసుకుంటే 10. గుడ్డు ఒకటికి 6. గుప్పెడు వేరుసెనగ పప్పులు, అంటే 25 గ్రాములు తింటే ఇంకో 6. మిగిలిన 18 గ్రాములు పప్పుధాన్యాల నుంచి రావాలి, అంటే పచ్చి తూకంలో 85 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కిలోకేలరీల రోజు భోజనానికి చెప్పిన పప్పుధాన్యాల కొలత కూడా 85 గ్రాములే. గుడ్డు తిననివారు ఇంకో కప్పు పెరుగు కలుపుకుంటే దాదాపు సరిపోతుంది.

కాబట్టి గుర్తుంచుకోవాల్సిన కొలత ఒక్కటే: మనిషికి రోజుకు తలకొట్టిన టీ గ్లాసు పప్పుధాన్యం. నలుగురికి కాదు, ఒక్కరికి. రైస్ కుక్కర్‌తో వచ్చే 180 మి.లీ. కప్పుతో కొలిస్తే ఇద్దరికి ఒక కప్పు, కాస్త వెలితిగా. ఇదంతా ఒకే పూట తినమని కాదు. మధ్యాహ్నం కడుపునిండా తిని రాత్రి రెండు ఇడ్లీలతో ముగించే ఇళ్లలో రాత్రి పూట వచ్చే ప్రోటీన్ నాలుగు గ్రాములు. మూడు పూటలా పంచితే కండకు బాగా పనికొస్తుంది.

పప్పుకీ ఆయుష్షుకీ సంబంధం ఉందా అని చూసిన ఒక అధ్యయనం సంగతి. 2004లో వెలువడిన ఈ పరిశోధనలో జపాన్, స్వీడన్, గ్రీస్, ఆస్ట్రేలియాల్లో 70 ఏళ్లు దాటిన 785 మందిని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్ల తిండిలో రోజుకు అదనంగా ప్రతి 20 గ్రాముల పప్పుధాన్యానికి మరణ ముప్పు 7–8 శాతం తక్కువగా కనిపించింది. పప్పు వల్లే బతికారని దీంతో తేలిపోదు. అలా తినేవాళ్ల మిగతా అలవాట్లూ మంచివై ఉండొచ్చు. అయినా పెద్దగా ఖర్చులేని పని, చేసి చూడటంలో నష్టం లేదు.

ఉలవలు: కట్టు ఒకరికి, గింజ ఒకరికి

ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ కట్టుతో ఇంట్లో చారు కాచుకోవడం కోస్తా పల్లెల్లో మామూలే. చారు చిక్కగా, మీగడ వేసుకుంటే అమోఘంగా ఉంటుంది, అందులో వాదన లేదు. కానీ ప్రోటీన్, పీచు ఎక్కువభాగం గింజలోనే ఉండిపోతాయి. లెక్కకొస్తే ఎద్దే తెలివైన భోజనం చేసింది. 100 గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల ప్రోటీన్, 270 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉన్నాయి. అందుకే ఈ పాఠంలో గుగ్గిళ్లు చేసి, దిగిన కట్టుతో చారు కాచుకుందాం.

ఇద్దరికి ఒక టీ గ్లాసు ఉలవలు తీసుకోండి. మనిషికి 40 గ్రాములు, అంటే 9 గ్రాముల ప్రోటీన్. మిగిలిన సగం గ్లాసు మరో పూట పప్పుగానో పెసరట్టుగానో వస్తుంది.

మొదటి పని గాలించడం. ఉలవల్లో రాళ్లు గింజ రంగులోనే, గింజ సైజులోనే ఉంటాయి, చేటలో ఏరితే కంటికి ఆనవు. కట్టుడు పళ్లకు ఒక్క రాయి చాలు. వెడల్పు గిన్నెలో గింజలు పోసి నిండుగా నీళ్లు పోయండి. పైకి తేలినవి పుచ్చులు, వాటిని తీసి పారేయండి. గిన్నెను వాలుగా పట్టుకుని గుండ్రంగా ఊపుతూ, నీళ్లతో పాటు లేచిన గింజలను రెండో గిన్నెలోకి కొద్దికొద్దిగా వంచండి. మళ్లీ నీళ్లు పోయండి, ఊపండి, వంచండి. రాయి బరువు కాబట్టి అడుగునే ఉండిపోతుంది. అడుగున చెంచాడు గింజలు మిగలగానే ఆపేయాలి. ఆ కాస్త గింజల మీద ఆశపడి మొత్తం వంచారా, ఇంతసేపు చేసిన పని వృథా. తొందరగా, ఒక్క ఊపుతో వంచినా అంతే.

తర్వాత మూడింతల నీళ్లలో 10 నుంచి 12 గంటలు నాననివ్వండి. ఎండాకాలమైతే మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. నానాక గింజ దాదాపు రెట్టింపవుతుంది. ఇప్పుడు పళ్లెంలో పరిచి చూడండి. చిన్నగా, గట్టిగా, మెరుస్తూ అలాగే ఉన్న గింజలు కొన్ని కనిపిస్తాయి. వాటి పొట్టు నీటిని లోపలికి పోనివ్వదు, ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకవు. ఏరేయండి. నానబెట్టిన నీళ్లు పారబోయాలి. కడుపులో గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లలోకి దిగుతాయి. ఇంగువ, వాము రుచికి వేసుకోండి, గ్యాస్ తగ్గించే పని మాత్రం ఎక్కువగా ఈ పారబోతతోనే అవుతుంది.

కుక్కర్‌లో కొత్త నీళ్లు గింజల మీద ఒక అంగుళం ఎత్తు వచ్చేలా పోసి, చిటికెడు పసుపు వేయండి. మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 25 నిమిషాలు ఉంచండి. ఆవిరి దానంతటదే పోయాక మూత తీయండి. రెండు వేళ్ల మధ్య గింజను నొక్కితే పొట్టుతో సహా మెదగాలి. లోపల మెత్తబడి పొట్టు జారిపోతుంటే ఇంకో పది నిమిషాలు పెట్టండి.

ఎంత ఉడికించినా మెత్తబడకపోతే కారణం మూడింట్లో ఒకటై ఉంటుంది. గింజ పాతది కావచ్చు: వేడికి, చెమ్మకు నిలవ ఉన్న పప్పుధాన్యం గట్టిపడుతుంది, దాన్ని సరిచేయలేం, కొట్టు మార్చండి. నీళ్లలో సున్నం కావచ్చు: బోరు నీళ్లలోని కాల్షియం పొట్టును బిగుసుకునేలా చేస్తుంది, నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్లు వాడి చూడండి. లేదా చింతపండో టమాటానో ముందే పడి ఉండొచ్చు. పులుపు పడ్డాక గింజ మెత్తబడటం బాగా నెమ్మదిస్తుంది, కాబట్టి పులుపెప్పుడూ ఉడికాకే. వంటసోడా వేస్తే క్షణాల్లో మెత్తబడుతుందని వేసేవాళ్లున్నారు. సోడా బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది, బీపీ ఉన్నవారికి అక్కర్లేని సోడియం చేరుస్తుంది. దానికన్నా ఇంకో రెండు గంటలు నానబెట్టడమే నయం.

ఉడికిన కట్టును వేరే గిన్నెలోకి వార్చి చారుకు ఉంచుకోండి. గింజలకు రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, కాస్త ఇంగువతో పోపు పెట్టి, ఉల్లిముక్కలు మగ్గాక కలపండి. ఉప్పు తగుమాత్రమే. పళ్లు సరిగా లేనివారికి సగం గింజల్ని పప్పుగుత్తితో మెదిపి మిగతావాటితో కలిపితే నమలడం తేలిక. స్టవ్ ఆపాక నిమ్మరసం పిండండి. గింజలోని ఐరన్ ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం కావాలి, అది వేడికి పోతుంది కాబట్టి చివర్లో. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది. గంట ఆగండి.

పొద్దున పూటకు పెసరట్టు

దీనికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పొట్టు పెసలు 80 గ్రాములు, ఒక చెంచా బియ్యం ఐదారు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బితే రెండు అట్లు వస్తాయి. రెండూ తింటే 18 గ్రాముల ప్రోటీన్, ఆ రోజు గ్లాసు అక్కడే పూర్తయినట్టు. పిండి పులియబెట్టకూడదు, రుబ్బిన వెంటనే పోయాలి. మందంగా పోస్తే మధ్యలో పచ్చిగా ఉండి కడుపు ఉబ్బుతుంది. లోపల ఉప్మా పెట్టుకుంటే రుచే, కానీ పెద్దవాళ్లకు ఆ ఉప్మాతోనే కడుపు నిండి రెండో అట్టు పళ్లెంలో మిగిలిపోతుంది.

మొలకల విషయంలో జాగ్రత్త. మొలకెత్తే వెచ్చదనం, తేమ బాక్టీరియాకూ ఇష్టమే. అరవై దాటినవారు పచ్చి మొలకలు తినకుండా ఆవిరి మీద బాగా ఉడికించుకుని తినాలి.

ఎవరు ఆగాలి

కిడ్నీ జబ్బు ఉన్నవారు, పొటాషియం గానీ ప్రోటీన్ గానీ తగ్గించమని డాక్టర్ చెప్పినవారు ఈ పాఠం కొలతలు పాటించకండి, ముందు డాక్టర్‌నే అడగండి. ఇన్సులిన్‌గానీ, షుగర్ మాత్రలుగానీ వాడేవారు అన్నం తగ్గించి గుగ్గిళ్లు పెంచితే షుగర్ మరీ పడిపోవచ్చు, మొదటి రెండు వారాలు తరచూ పరీక్షించుకోండి. ఉలవకట్టు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయన్న మాట విని వైద్యం మానేయొద్దు.

ఇన్నాళ్లూ పైతేటతో తిన్న కడుపుకి ఒక్కసారిగా గ్లాసు పప్పు పెడితే ఉబ్బరం ఖాయం. మొదటి వారం ఇప్పుడు తింటున్నదానికి మనిషికి ఒక పెద్ద చెంచా గింజలు మాత్రమే కలపండి. ఇబ్బంది లేకపోతే రెండో వారం రెండు చెంచాలు. ఇలా నెల తిరిగేసరికి రోజుకు గ్లాసు చేరితే చాలు. నీళ్లు కూడా పెంచాలి, పీచు పెరిగి నీళ్లు పెరక్కపోతే మలబద్ధకం వస్తుంది.

ఈ వారం పని

మీ ఇంట్లో పప్పుకి వాడే గ్లాసు ఎంత పడుతుందో కొలిచి, గ్లాసుడు పప్పు కిరాణా కొట్టులో తూకం వేయించి రాసిపెట్టుకోండి. వారం రోజులు మనిషికి ఎన్ని గ్రాములు పడిందో క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి.

రెండో పని, కుర్చీ పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరిని ఉంచుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు. ఎన్ని సెకన్లయిందో తేదీ వేసి రాయండి, మూడు నెలలకు మళ్లీ చూద్దాం. తిండి ఒక్కటే కండ పెంచదు కాబట్టి ఇదే లేవడం, కూర్చోవడం రోజుకు రెండు పూటలా, ఓపికను బట్టి చేస్తుండండి.

వచ్చే పాఠం నువ్వులు, మునగాకు, కాల్షియం. దానికోసం 100 గ్రాముల పొట్టు తీయని నువ్వులు తెచ్చి పెట్టుకోండి.