గ్రిడ్ రేడియేషన్ గురించి ఇంట్లో పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి

నేను రేడియేషన్ ఫిజిసిస్టుని, మాది అమలాపురం దగ్గర పల్లె. తొడలో కొబ్బరికాయంత గడ్డతో ఉన్న పెదనాన్నకి గ్రిడ్ రేడియేషన్ (పెద్ద క్యాన్సర్ గడ్డలకి కిరణాల్ని జాలీలోంచి పంపినట్టు మచ్చలు మచ్చలుగా ఇచ్చే చికిత్స) గురించి చెప్పాల్సివచ్చి, ఆయన్ని తోటలోకే తీసుకెళ్లాను.

మీరూ మట్టల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు చూపించండి. గ్రిడ్‌లో కిరణాలూ అంతే: మచ్చల్లో సాధారణంగా ఒకే విడతలో 15-20 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత), మధ్య నీడలో బాగా తక్కువ. నీడలో బతికిన చర్మకణాలే పక్కనున్న దెబ్బని మాన్పుతాయి. 1909లో జర్మనీలో కోహ్లర్ అనే డాక్టర్ జాలీ వాడింది చర్మాన్ని కాపాడటానికే.

"మరి నీడలోది చావదేంట్రా?" అన్నాడు పెదనాన్న. ఈ ప్రశ్న దాటేయకండి. మచ్చల్లో రక్తనాళాలు దెబ్బతిని, రోగనిరోధక కణాలు కదిలి, ఆ ప్రభావం పక్కకీ పాకుతుందని భావిస్తున్నారు, ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే చాలాసార్లు తర్వాత మామూలు రేడియేషనూ ఇస్తారు. అది ఎన్ని రోజులో డాక్టర్‌ని ముందే అడిగి రాసుకోండి.