కాక్‌పిట్ పగిలింది, కానోపీ మసకబారింది: అంతరిక్ష నౌకల మోడళ్లకు సమస్య - పరిష్కారం

రన్నర్ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి భాగాలను కత్తిరించి నునుపు చేయడం, ప్రైమర్ వేయడం, పలుచని పొరలుగా రంగు ఎక్కించడం ఇప్పటికే తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను కనుక ఆ ప్రాథమిక విషయాల జోలికి వెళ్లడం లేదు. ఉదాహరణగా 1/72 పరిమాణంలో బండాయ్ కంపెనీ తయారుచేసే ఎక్స్-వింగ్‌ను (స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌక) తీసుకుంటున్నాను. ఇందులో భాగాలు జిగురుతో పని లేకుండా, ఒక భాగం మీది పెగ్గును (మేకులా పొడుచుకు వచ్చిన చిన్న ముక్క) మరో భాగంలోని రంధ్రంలోకి నొక్కితే బిగుసుకుంటాయి. ఈ పరిమాణంలో నిలబడిన మనిషి ఎత్తు సుమారు 25 మిల్లీమీటర్లే కనుక కాక్‌పిట్‌లో వచ్చే లోపాలు కూడా చిన్నవే, కానీ మోడల్‌ను చేతిలోకి తీసుకున్న ప్రతివారూ మొదట చూసేది పైలట్ కూర్చున్న చోటునే.

లక్షణం: రంగులన్నీ పూర్తయిన మరునాడు గోడ పగలడం, సీటు ఊడిరావడం

సాయంత్రం వాష్ వేసి పడుకుంటే, తెల్లవారేసరికి కాక్‌పిట్ తొట్టి మూలలో సన్నని చీలిక కనిపిస్తుంది, లేదా సీటును ముట్టుకోగానే దాని పెగ్గు మొదలంటా విరిగి చేతికి వస్తుంది. కొందరు జిగురును తప్పుపడతారు, కొందరు కిట్ నాణ్యతను తిడతారు, మరికొందరు ఇంట్లో ఎవరో తాకి ఉంటారని అనుమానిస్తారు. విరిగిన చోటును ముందుగా భూతద్దంతో చూడండి. అతుకు విడిపోయినప్పుడు రెండు భాగాలూ కలిసిన గీత వెంబడే వేరవుతాయి, ఆ ముఖాల మీద రంగు పొర మిగిలి ఉంటుంది. అతికించే చోట రంగును గీకివేయకపోవడమే అక్కడి తప్పు. కిందపడి లేదా వంగి విరిగితే ప్లాస్టిక్ అంచు సాగి తెల్లబారి ఉంటుంది. చీలిక అతుకుతో సంబంధం లేకుండా ప్లాస్టిక్‌నే అడ్డంగా కోసుకుంటూ పోయి, అంచులు గాజు ముక్కలా నునుపుగా ఉండి, ఆ గీతలోకి వాష్ రంగు ఇంకి ఉంటే మాత్రం దోషి మీ థిన్నరే.

వాష్ అంటే ఎక్కువ థిన్నర్‌లో కొద్దిగా రంగు కలిపి గాడుల్లోకి పారించే ద్రవమని మీకు తెలుసు. సిద్ధంగా సీసాల్లో దొరికే ప్యానెల్ లైన్ రంగులు చాలావరకు ఎనామెల్ రకానివి, వాటిలోని ద్రావకం పెట్రోలియం నుంచి వచ్చినది. ఆ ద్రావకం మామూలుగా పడి ఉన్న ప్లాస్టిక్ మీద ఆరిపోతే పెద్దగా హాని చేయదు. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌కు తగిలితే మాత్రం పొడవైన అణు గొలుసుల మధ్యకు చొరబడి వాటి పట్టు సడలిస్తుంది, అప్పటికే లాగబడి ఉన్న గొలుసులు జారి విడిపోతాయి, చీలిక పుడుతుంది. అందుకే ఒకే సీసాలోని ఒకే వాష్ రెక్కల మీద ఏ ఇబ్బందీ లేకుండా ఆరిపోయి, కాక్‌పిట్‌లో మాత్రం పగుళ్లు తెస్తుంది. నొక్కి బిగించే కిట్‌లో పెగ్గు రంధ్రం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. ఆ బిగువు వల్లనే భాగాలు నిలుస్తాయి, ఆ బిగువు వల్లనే రంధ్రం చుట్టూ ఉన్న గోడ ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది.

కాక్‌పిట్‌కే ఈ బాధ ఎక్కువగా రావడానికి దాని ఆకారం కారణం. అది పైకి తెరిచి ఉన్న తొట్టి, పోసిన ద్రవమంతా అడుగు మూలలకు చేరుతుంది, సీటు పెగ్గులూ పక్క గోడల అతుకులూ ఉండేది ఆ మూలల్లోనే. అక్కడి నుంచి ద్రవం సన్నని సందుల గుండా తనంతట తాను లోపలికి పాకుతుంది. బయట పొర కొద్దిసేపట్లో ఆరిపోతుంది కానీ, సందులో చిక్కుకున్న ద్రావకానికి గాలి తగలదు. అది గంటల తరబడి అక్కడే ఉండి పని చేస్తుంది. రాత్రి బాగున్నది పొద్దుటికి పగలడం వెనుక ఉన్నది ఇదే.

ఇక్కడ అనుభవం ఉన్నవారు కూడా బోల్తాపడే చోటు ఒకటుంది, నన్ను అన్నిటికంటే ఎక్కువగా సతాయించినదీ అదే. వాష్‌కు ముందు గ్లాస్ (మెరుపునిచ్చే) క్లియర్ కోట్ వేశాం కనుక ప్లాస్టిక్ సురక్షితమని అందరూ అనుకుంటారు. క్లియర్ కోట్ రక్షించేది తాను చేరిన చోటును మాత్రమే. భాగాలను బిగించిన తర్వాత పైనుంచి కోట్ కొడితే, పెగ్గు ఒంటికి గానీ, రంధ్రం లోపలి అంచుకు గానీ, రెండు గోడలు ఆనుకునే ముఖాలకు గానీ అది అంటదు; పైగా రంగు గట్టిగా పట్టేస్తే బిగింపు కుదరదని మనమే ఆ చోట్లను ఖాళీగా వదిలేస్తాం. అంటే అన్నిటికంటే ఒత్తిడి ఎక్కువగా ఉన్న ప్లాస్టిక్, ద్రావకం అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచే చోట, ఏ పొరా లేకుండా ఉంటుంది. పైన నాలుగు పొరల క్లియర్ వేసినా ఈ స్థితి మారదు.

చేయవలసిన మొదటి పనికి ఖర్చు లేదు, నిమిషం కూడా పట్టదు, అయినా దాన్ని చేసేవారు నాకు అరుదుగా కనిపిస్తారు: రన్నర్ అంచున పలక మీద అచ్చొత్తి ఉన్న పదార్థం గుర్తును చదవడం. అక్కడ పీఎస్ అని ఉంటే అది పాలీస్టైరీన్, ఏబీఎస్ అని ఉంటే ఈ పగుళ్ల విషయంలో మరింత సున్నితమైన ప్లాస్టిక్. భాగాలను కత్తిరించాక ఆ రన్నర్లను వెంటనే చెత్తబుట్టలో వేసేయకండి. నమ్మకం కుదరకపోతే ఆ మిగిలిన రన్నర్ ముక్కలతోనే పరీక్ష చేసుకోవచ్చు. ఒక ముక్కను విల్లులా వంచి క్లిప్పుతో బిగించి, మరొక దాన్ని తిన్నగా ఉంచి, రెండింటి మీదా మీరు వాడే వాష్‌ను ధారాళంగా పూయండి. తిన్నగా ఉన్నది చెక్కుచెదరకుండా ఉంటే, వంచినది పగుళ్లిస్తుంది లేదా విరిగిపోతుంది.

నివారణ సగం బిగువును తగ్గించడంలో ఉంది. కాక్‌పిట్‌లోని పెగ్గుల కొసలను కత్తితో ఏటవాలుగా కోసి, పక్కలను ఇసుక కాగితంతో కొద్దిగా రుద్ది, వేలితో తేలికగా నెడితే రంధ్రంలోకి జారేటట్లు చేయండి; చివరి అతుకును జిగురుకు అప్పగించండి. రెండవ సగం క్రమంలో ఉంది. తొట్టి, సీటు, పక్క పలకలు, పరికరాల పలక అన్నీ విడివిడిగా ఉండగానే రంగు, క్లియర్, వాష్ ముగించి, వాసన పూర్తిగా పోయే వరకు గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే కూర్చండి. వాష్‌ను బుడ్డిలోని కుంచెతో పోయకుండా, సన్నని కుంచె కొసతో గాడికి తాకించి వదిలితే అదే పారుతుంది. మూలలో నిలిచిన దాన్ని పొడి కుంచెతో వెంటనే పీల్చేయండి. ఇప్పటికే బిగించేసిన కాక్‌పిట్‌కు వాష్ తప్పదనుకుంటే నీటితో పలుచనయ్యే యాక్రిలిక్ వాష్ వాడి, గాడిలో పారడానికి గిన్నెలు తోమే ద్రవ సబ్బును చుక్కలో చుక్క కలపండి. ఫలితం ఎనామెల్ అంత సొగసుగా రాదు, అయినా గోడ నిలుస్తుంది. వాసన లేని థిన్నర్ అనో, లైటర్ ద్రవం త్వరగా ఆరిపోతుందనో ధైర్యం చేయకండి. అవీ పెట్రోలియం ద్రావకాలే.

పగులు వచ్చేశాక చేతికి అందే మొదటి వస్తువు థిన్నర్‌లో తడిపిన దూది, చేయకూడని మొదటి పని కూడా దానితో తుడవడమే. కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత) తీసి, విడదీయగలిగిన భాగాలను బలం వాడకుండా విడదీసి, ఒక రోజంతా ఫ్యాన్ గాలి తగిలేలా వదిలేయండి. తర్వాత వెనుక వైపు, బయటికి కనిపించని చోట, సన్నని ప్లాస్టిక్ పట్టీని రెండు భాగాల ఎపాక్సీతో అతికించి చీలికకు ఊతం ఇవ్వండి. పాలీస్టైరీన్ అయితే పలుచని సిమెంట్‌ను చీలికలోకి పాకించవచ్చు; ఏబీఎస్‌కు మామూలు సిమెంట్ సరిగా పట్టదు, దాని కోసం విడిగా అమ్మే జిగురు గానీ ఎపాక్సీ గానీ వాడాలి. అతికేటప్పుడు క్లిప్పులతో గట్టిగా బిగిస్తే మళ్లీ అదే ఒత్తిడిని తెచ్చిపెట్టినట్లు అవుతుంది, కాబట్టి కాగితపు టేపు సరిపోతుంది.

లక్షణం: కానోపీ లోపల తెల్లని మసక

పైలట్‌నో, విరిగిన మీటనో సూపర్ గ్లూతో అతికించి, ఆ పూటే కానోపీ మూసేసి ఉంటారు. సూపర్ గ్లూలోని సయనోఅక్రిలేట్ ఆవిరి గాలిలోని తేమను పట్టుకుని చుట్టుపక్కల ఉపరితలాల మీద తెల్లని పొడిగా గట్టిపడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో అయితే అన్నిచోట్లా, ఈ మసక మరింత త్వరగా కమ్ముతుంది. జిగురును కానోపీకి రాయలేదు కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు, అది కాక్‌పిట్ అడుగున ఉన్నా చాలు. సూపర్ గ్లూ వాడితే ఒక రోజు కానోపీ తెరిచి ఉంచండి. కానోపీని మాత్రం పారదర్శకంగా ఆరే తెల్ల జిగురుతోనే అతికించండి. మసక ఇప్పటికే పట్టి ఉంటే అది ప్లాస్టిక్‌ను తినేసిన గుర్తు కాదు, పైన పేరుకున్న పొర మాత్రమే. తడి దూదిపుల్లతో పోకపోతే పాలిషింగ్ పేస్టుతో మెల్లగా రుద్ది, చివరగా గ్లాస్ యాక్రిలిక్ క్లియర్‌లో ముంచి, అంచున చేరిన బొట్టును కాగితంతో పీల్చి, దుమ్ము పడకుండా మూత కింద ఆరబెట్టండి.

లక్షణం: పరికరాల పలక మీద డెకాల్ వెండిలా మెరవడం

మాట్ (మెరుపు లేని) రంగు గరుకుగా ఉంటుంది, ఆ గరుకు మధ్య గాలి చిక్కుకుంటే డెకాల్ (నీటిలో నానబెట్టి అతికించే పలుచని అచ్చుబొమ్మ) కింద వెండి మెరుపు కనిపిస్తుంది. డెకాల్‌కు ముందు గ్లాస్ క్లియర్ వేస్తే ఇది రాదు. వచ్చాక, సూదితో నాలుగైదు చోట్ల గుచ్చి డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణాన్ని పూసి, ఆరాక అవసరమైతే మళ్లీ పూయండి. పలక మీద ఉబ్బెత్తు మీటలు ఉంటే డెకాల్‌ను ఒకే ముక్కగా వేయడం కంటే డయల్ డయల్‌గా కత్తిరించి వేయడం మేలు. కిట్‌లో డెకాల్‌తో పాటు వచ్చే స్టిక్కర్లను కాక్‌పిట్ లోపల వాడవద్దనే నా సలహా. అవి ఉబ్బెత్తుల మీద ఒదగవు, అంచు మందం 1/72లో గోడలా కనిపిస్తుంది.

లక్షణం: లోపలంతా చీకటి గుంతలా కనిపించడం

నల్లని భాగానికి అచ్చంగా నల్ల రంగే వేశారు. ఇంత చిన్న తొట్టిలోకి వెలుతురు అంతగా దిగదు కనుక నలుపు స్థానంలో ముదురు బూడిద రంగును, బూడిద స్థానంలో ఒక మెట్టు లేత బూడిదను వేసి, అంచుల మీద పొడి కుంచెతో లేత రంగును తాకించండి. మీటలకు ఎరుపు, పసుపు చుక్కలు నాలుగు చాలు, మరీ ఎక్కువైతే బొమ్మలా తయారవుతుంది.

మిగిలినవి

వాష్ తుడుస్తుంటే కింది రంగు కూడా లేచివస్తోందంటే రెండూ ఒకే ద్రావకానివి, లేదా కింది పొర ఇంకా ఆరలేదు. లాక్వర్ లేదా యాక్రిలిక్ మీద ఎనామెల్ అన్న క్రమం పాటించండి. మాట్ క్లియర్ కొట్టగానే తెల్లబారితే వానరోజున స్ప్రే చేశారన్నమాట. పొడి రోజున పలుచని గ్లాస్ పొర వేసి, ఆరాక మళ్లీ మాట్ వేయండి. కానోపీ మూతపడకపోతే అతుకు అంచున పేరుకున్న రంగును గీకండి, అయితే రంగుకు ముందే ఒకసారి పైలట్‌తో సహా కూర్చి మూసి చూసుకుంటే ఈ పని పడదు, తల తగులుతోందని చివర్లో తెలిసే అవస్థా ఉండదు. లైటు పెట్టినప్పుడు గోడలు వెలుగుతుంటే లోపలి నుంచి నలుపు, దాని మీద నౌక రంగు వేయండి. అచ్చులోనే వంకర వచ్చిన తొట్టి, పొరపడి అచ్చయిన డెకాల్ వంటివి ఉంటాయి కానీ చాలా అరుదు. అవి మీ చేతిలో సరయ్యేవి కావు కనుక దుకాణదారుకు ఫోటో పంపి విడి భాగం అడగండి.