దసరా తర్వాత కారవాన్‌లో ములుగు అడవుల వైపు వెళ్లేవారికి జాగ్రత్తలు

చెరువులు నిండుగా ఉండే ఆశ్వయుజ, కార్తీక మాసాలలో హన్మకొండ నుంచి రామప్ప, లక్నవరం, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా బొగత జలపాతం దాకా కుటుంబంతో వెళ్లడం గొప్ప అనుభవం. అయితే కారవాన్‌లో వంటగ్యాసు, నీళ్ల ట్యాంకు, పడకలు అన్నీ మనతోపాటే కదులుతాయి కాబట్టి, కారులో పెద్దగా లెక్కచేయని చిన్న పొరపాటు కూడా ఇక్కడ ప్రయాణాన్ని ఆపేస్తుంది.

దసరా దాటింది, ఇక వాన లేదని ధీమాగా ఉండకూడదు. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. 2025 అక్టోబరు చివరలో మోంథా తుపాను వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. చెరువులు మత్తడి పోస్తున్న రోజుల్లో లోలెవల్ వంతెనల మీద నీరు పారుతుంటే, ముందు వెళ్లిన ట్రాక్టరును చూసి కారవాన్‌ను దించవద్దు. సుమారు 60 సెంటీమీటర్ల లోతున పారే నీరు పెద్ద వాహనాలను సైతం కొట్టుకుపోగలదు. వాగు తగ్గేదాకా ఆగండి, లేదా వెనక్కి తిరగండి.

ఈ కాలంలో వానకంటే తరచుగా ఎదురయ్యేది రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. వానాకాలం వరి కోతలు మొదలయ్యాక చాలా ఊళ్ల దగ్గర రోడ్డులో సగం వడ్లకో, మక్కలకో పోతుంది. కుప్పల అంచున పెట్టే రాళ్లు చీకట్లో కనబడవు, వడ్ల మీద బ్రేకు వేస్తే టైర్లు జారుతాయి, వరిగడ్డి మీద బండి ఆపితే వేడెక్కిన సైలెన్సరు నుంచి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. కల్లానికి చోటు లేకనే రైతు రోడ్డెక్కుతున్నాడు కాబట్టి అతని మీద హారను మోగించడం న్యాయం కాదు, నెమ్మదిగా పక్కకు తప్పుకోవడమే సరైన పద్ధతి. వెనుక లైట్లు లేని ట్రాలీలు, రోడ్డు నిండా వచ్చే వరికోత యంత్రాలు కూడా ఇప్పుడే తిరుగుతాయి. అందువల్ల పొద్దుగూకేలోపు బండి నిలపాలన్న నియమాన్ని ఎన్ని మైళ్లు మిగిలినా సడలించకూడదు.

బయలుదేరే ముందు చేయవలసిన పని చాలావరకు బండి లోపలే ఉంటుంది. అలమారాల గడియలు, ఫ్రిజ్ తలుపు బిగించకపోతే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే గిన్నెలు నేలపాలవుతాయి. వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేలమట్టంలో పేరుకుంటుంది. కాబట్టి కింది గాలి రంధ్రాలను సామానుతో మూయకుండా, కదిలే ముందు ప్రతిసారీ సిలిండరు వాల్వు కట్టేయాలి. చలిగా ఉందని తలుపులు బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం. బండి ఎత్తును కాగితం మీద రాసి డ్రైవరు ఎదుట అంటించండి, ఎందుకంటే రైల్వే అండర్ బ్రిడ్జిలు, ఊళ్లలో వేలాడే కరెంటు తీగలు, రోడ్డు మీదికి వంగిన చెట్టు కొమ్మలు కారుకు తగలకపోయినా ఎత్తైన బండికి తగలవచ్చు. టైరు పక్కన చెక్కిన నాలుగు అంకెల్లో చివరి రెండూ తయారైన సంవత్సరాన్ని చెబుతాయి; అద్దె బండి అయితే అది తప్పక చూడండి.

రాత్రి మకాం కోసం చెరువు గట్టు పక్కన నల్లరేగడిలోకి దిగవద్దు. పైన ఎండినట్టు కనిపించినా బరువుకు చక్రాలు కూరుకుపోతాయి. రెండు చెక్క పలకలు, ఒక పార వెంట ఉంచుకుంటే మేలు. ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఆగకూడదు. లక్నవరం, తాడ్వాయి హరిత వసతి గృహాలకు ముందే ఫోన్ చేసి, ఇంత ఎత్తున్న బండికి చోటుందా అని అడగండి.

అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు కాబట్టి మ్యాపును ముందే ఫోన్‌లో దించుకుని, ఏ పూట ఎక్కడుంటారో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108 నంబర్లు గుర్తుంచుకోండి. చీకటి పడ్డాక టార్చి లేకుండా బండి మెట్లు దిగకూడదు. పాము కరిస్తే గాటు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం చేయకుండా, కరిచిన కాలో చేయో కదలనివ్వక, విషానికి విరుగుడు మందు ఉండే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.