కొత్త హబ్ కొనే ముందు: ల్యాప్‌టాప్ యూఎస్‌బీ హబ్ సమస్యలు, పరిష్కారాలు

హబ్ (ల్యాప్‌టాప్‌లోని ఒక్క యూఎస్‌బీ పోర్టును పలు పోర్టులుగా మార్చే చిన్న పెట్టె) పెట్టినప్పటి నుంచి ఏదో ఒకటి సరిగా పనిచేయడం లేదంటూ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవారిని నేను ముందుగా అడిగేది ఒక్కటే: ఆ పరికరాన్ని హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశారా అని. డ్రైవర్లు తీసి మళ్లీ వేసినవారు, విండోస్ ఫార్మాట్ చేయించుకున్నవారు, రెండో హబ్ కూడా కొని మూడోదాని కోసం వెతుకుతున్నవారు సైతం అర నిమిషం పట్టే ఈ పని మాత్రం చేసి ఉండరు. నేరుగా పెట్టినా పరికరం పలకకపోతే హబ్‌ను నిందించి లాభం లేదు. నేరుగా పెడితే పనిచేస్తూ, హబ్‌లో పెడితేనే మొరాయిస్తుంటే కింది విషయాలు చూడండి.

లక్షణం: హార్డ్ డిస్క్ కనిపించి మాయమవుతుంది, వేలిముద్ర యంత్రం మధ్యలో ఆగిపోతుంది

కారణం దాదాపు ఎప్పుడూ కరెంటు చాలకపోవడమే. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. అడాప్టర్ లేని హబ్‌కు సొంత సంపాదన లేదు. ల్యాప్‌టాప్‌లోని ఒక్క పోర్టు ఇచ్చినదానిలోనే తాను కొంత వాడుకుని, మిగిలినది నాలుగు పోర్టులకు పంచుతుంది. మౌస్‌కు, కీబోర్డుకు అది సరిపోతుంది. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్‌కు మాత్రం తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే అన్నిటికంటే ఎక్కువ కరెంటు కావాలి కనుక, చెవి దగ్గర పెట్టుకుంటే అది లేవబోయి మళ్లీ ఆగిపోతున్న టిక్కు టిక్కు చప్పుడు వినిపిస్తుంది.

పరిష్కారం సొంత అడాప్టర్ ఉన్న హబ్. నాలుగు 3.0 పోర్టులకు 900 చొప్పున లెక్క వేస్తే 3.6 ఆంపియర్లు అవుతుంది, కాబట్టి 5 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు, అంటే 20 వాట్ల అడాప్టర్ ఉంటే నిశ్చింత. పక్కన అడాప్టర్ గుచ్చుకునే రంధ్రం ఉన్నా, పెట్టెలో అడాప్టర్ ఇవ్వని హబ్‌లు చాలా ఉన్నాయి. పిన్ను సరిపోయింది కదా అని 5 వోల్టుల హబ్‌కు 12 వోల్టుల వైఫై రూటర్ అడాప్టర్ గుచ్చి, కాలిన వాసనతో సహా నా దగ్గరకు తెచ్చినవారూ ఉన్నారు.

లక్షణం: వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతుంది, కీబోర్డు అక్షరాలు మింగేస్తుంది

నన్ను కూడా బోల్తా కొట్టించినది ఇదే. ఒక జెరాక్స్ షాపు యజమాని కర్సర్ ఉండి ఉండి నిలిచిపోతోందని వచ్చారు. అప్పటికే బ్యాటరీ మార్చారు, మౌస్ మార్చారు, పాత హబ్ స్థానంలో రెట్టింపు ధర పెట్టి మంచిది కొన్నారు. కొన్నాక బాధ ఇంకా పెరిగింది. నేను కరెంటు సమస్య అనుకుని అడాప్టర్ ఉన్న హబ్ ఇప్పించాను, డ్రైవర్లు మార్చాను, అయినా తేడా రాలేదు. చివరికి ఒక సాయంత్రం ఆ షాపులోనే కూర్చుని చూస్తే, పెళ్లి వీడియోలను హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నంతసేపే కర్సర్ తడబడుతోందని, కాపీ పూర్తి కాగానే వెన్నలా కదులుతోందని తెలిసింది.

దోషం మౌస్‌ది కాదు, హబ్ చెడిపోవడమూ కాదు. యూఎస్‌బీ 3.0 తీగల్లో సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సమాచారం పరుగెత్తేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కూడా కమ్మేస్తుంది. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ (మౌస్ సంకేతాలు అందుకోవడానికి పోర్టులో గుచ్చే చిన్న ముక్క), బ్లూటూత్, పాత తరహా వైఫై అన్నీ మాట్లాడుకునేది సరిగ్గా అక్కడే. ఈ సంగతిని ఇంటెల్ సంస్థే 2012లో కొలతలతో సహా ప్రచురించింది. షాపులోని పాత హబ్ 2.0 కాబట్టి ఈ రొద లేదు, ఖరీదైన కొత్తది 3.0 కాబట్టి వచ్చింది. డాంగిల్‌ను హార్డ్ డిస్క్ పక్క పోర్టులోనే గుచ్చడమంటే బాజాభజంత్రీల పక్కన నిలబడి గుసగుసలు వినాలనుకోవడమే.

నిర్ధారించుకోవడం సులభం. పెద్ద ఫైలు ఒకటి కాపీకి పెట్టి, మౌస్‌ను డాంగిల్‌కు జానెడు దూరంలోకి తెచ్చి కదపండి. దగ్గర ఉన్నప్పుడు బాగుండి, మామూలు చోటికి రాగానే తడబడితే కారణం ఇదే. పరిష్కారం కూడా చవకే: డాంగిల్‌ను హబ్‌లోంచి తీసి ల్యాప్‌టాప్ రెండో వైపు పోర్టులో పెట్టండి. అక్కడ ఖాళీ లేకపోతే మూరెడు పొడవున్న 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ను దాని చివర తగిలించి మౌస్ దగ్గరకు తీసుకురండి. కొన్ని హబ్‌లలో మౌస్ కోసమని ప్రత్యేకంగా 2.0 పోర్టు ఇస్తారు కానీ, అది 3.0 పోర్టుకు అంగుళం దూరంలో ఉన్నంతకాలం పేరు మారినంత మాత్రాన రొద తగ్గదు. ఇక్కడ ముఖ్యంగా పనిచేసేది దూరమే. హబ్ పెట్టగానే వైఫై మందగిస్తుంటే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. జెరాక్స్ షాపులో ఆ డాంగిల్ ఇప్పటికీ బల్ల అంచు కింద టేపుతో అంటించి ఉంది.

లక్షణం: కాసేపు వాడకుండా వదిలేస్తే పరికరం మాయమవుతుంది

విండోస్ కరెంటు ఆదా కోసం పోర్టును నిద్రపుచ్చుతోంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న టిక్కు తీసేయండి.

లక్షణం: టైప్-సి హబ్‌లో టీవీకి బొమ్మ రాదు

ముందు ల్యాప్‌టాప్ స్పెసిఫికేషన్లు చదవండి. టైప్-సి ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ బొమ్మ పంపదు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ లేదా థండర్‌బోల్ట్ ఉన్నట్టు రాసి ఉండాలి. అది లేని ల్యాప్‌టాప్‌కు ఇలాంటి హబ్ ఎంత ఖరీదైనది పెట్టినా హెచ్‌డీఎంఐ రంధ్రం అలంకారమే.

వైరస్, బయోస్, మదర్‌బోర్డు అంటూ ఎవరైనా చెబితే అవన్నీ పైవి చూశాక చివర్లో తలుచుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఆపేసినా హబ్ అడాప్టర్ నుంచి కరెంటు వెనక్కి ఎక్కి ల్యాప్‌టాప్ లైట్లు వెలుగుతుంటే మాత్రం ఆ హబ్‌ను వెంటనే పక్కన పెట్టండి. దానికి మరమ్మతు లేదు.

ఇన్ని చూశాక నిజంగానే కొత్తది కావాలని తేలితే, షాపుకు వట్టి చేతులతో వెళ్లకుండా మీ ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్, మౌస్ మూడూ తీసుకువెళ్లి, అక్కడే ఒక సినిమా ఫైలు కాపీకి పెట్టి పది నిమిషాలు మౌస్ కదిపి చూసి, ఆ తరువాత డబ్బు ఇవ్వండి.