బడి దగ్గరా, డ్యూటీ దగ్గరా? నెల్లూరులో ఇల్లు వెతుక్కునే పద్ధతి

ప్రతి ఏడాదీ మే నెలాఖరు వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం వచ్చింది, పిలకాయల్ని నెల్లూరులో చేర్చాలి. ఇల్లు యాడ చూసుకుంటే బాగుంటుంది?" అని. అడిగేసరికే సగం పని చెడిపోయి ఉంటుంది. కొందరు ఏదో బడికి ఫీజు కట్టేసి ఉంటారు, ఇంకొందరు ఏదో ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు. ఆ రెండింటినీ కలిపే రోడ్డు మీద మాత్రం ఒక్కసారి కూడా పోయి ఉండరు.

నేను పదహారేళ్లుగా పోర్టు వైపు డ్యూటీ చేస్తున్నా. నెల్లూరులో ఐదు అద్దె ఇళ్లు మారాను, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్నా. తోటివాళ్లకు వెతికిపెట్టిన ఇళ్లు ఇరవైకి పైనే ఉంటాయి. వాటిలో తిరిగి ఖాళీ చేసిన ఇళ్లన్నీ ఒకే తప్పు వల్ల ఖాళీ అయ్యాయి. ఆ తప్పు గురించి కింద వివరంగా చెప్తాను. మిగతావి సులువు.

కావలసినవి

బైకు, ఫోను, ఒక నోటుపుస్తకం, రెండు రోజుల సెలవు. అంతే. బ్రోకర్ ఆఖర్న వస్తే చాలు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఫిబ్రవరిలో. రాష్ట్ర సిలబస్ బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, సీబీఎస్ఈ బడుల్లో ఏప్రిల్‌లోనే క్లాసులు మొదలవుతాయి. మార్చి పరీక్షలు అయిపోతూనే ఇళ్లు ఖాళీ అవుతాయి. మేలో తిరిగేవాళ్లకు మిగిలేది ఎవరూ తీసుకోని మూడో అంతస్తు పోర్షన్లే.

ముందు బడి, తర్వాత ఇల్లు

మూడు బడులు ఎంచుకోండి. ఒక్కటే అనుకుంటే సీటు లేదన్న రోజు ఇల్లూ పోతుంది, బడీ పోతుంది. ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి ఎంచుకోవద్దు. ఆ ఫోటోల్లో ఉన్నది పదో తరగతి పిల్లలు, మీరు చేర్చేది రెండో తరగతిలో. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్, అంటే సర్కారు లెక్కల్లో ఆ బడి గుర్తింపు నంబరు ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ బడిలో ఎందరు టీచర్లు, ఎందరు పిల్లలు, ఎన్ని గదులు అన్నది చూడొచ్చు. ప్రాథమిక తరగతుల్లో ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తోంది. బోర్డు మీద సీబీఎస్ఈ అని రాసి ఉంటే, ఏ తరగతి వరకు అనుబంధం (అఫిలియేషన్) ఉందో ఆ బోర్డు వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. "సీబీఎస్ఈ పద్ధతిలో చెప్తాం" అన్న మాటకూ అనుబంధానికీ చాలా తేడా ఉంది.

సర్కారు బడి వద్దని ముందే కొట్టేయవద్దు. మా రెండోవాడు ఐదో తరగతి దాకా మున్సిపల్ స్కూల్లోనే చదివాడు, ఇంటి నుంచి నడిచి పోయేవాడు. వాడి చదువుకు ఏ లోటూ రాలేదు.

తర్వాత ఫోన్లో మ్యాప్ తెరిచి, ఆ మూడు బడుల చుట్టూ మూడు కిలోమీటర్ల గుండ్రం గీసుకోండి. ఇల్లు ఆ గుండ్రాల్లోనే ఉండాలి. ఇంటికి కిలోమీటరు లోపు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత బడి ఉండాలని నియమం పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. పేద పిల్లలకు ప్రైవేటు బడుల్లో ఇచ్చే 25 శాతం సీట్లకు కూడా ఇంటి దూరం చూస్తారు. ఆ అర్హత మీకుంటే ఇల్లు ఎక్కడన్నది ఫీజుకు కూడా ముడిపడిన సంగతి.

డ్యూటీ చుట్టూ గుండ్రం గీయవద్దు. ఈ మాట దగ్గరే నాతో వాదన పెట్టుకుంటారు.

"మధ్యలో ఉందాం" అనే మాట

నెల్లూరుకూ కృష్ణపట్నానికీ మధ్య పాతిక కిలోమీటర్ల దరిదాపు దూరం. "ముత్తుకూరు రోడ్డులో ఎక్కడో మధ్యలో చూసుకుంటే నాకూ దగ్గర, పిల్లలకూ దగ్గర" అంటారు. రెండూ దగ్గర కావు. ఇద్దరికీ దూరమే. పెద్దవాళ్ల ప్రయాణం, పిల్లల ప్రయాణం ఒకటి కాదు. నేను కంపెనీ బస్సు ఎక్కి కూర్చుంటే నేరుగా గేటు దగ్గర దిగుతాను, దారిలో నిద్ర కూడా పోతాను. సొంత బైకు మీద పోయినా రోజుకు యాభై కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులకు 1,250 కిలోమీటర్లు. లీటరుకు యాభై ఇచ్చే బండికి పాతిక లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 2,750. ఆ ఖర్చు కళ్ల ముందు కనిపిస్తుంది కాబట్టి భయపెడుతుంది. పిల్లల టైము పోయేది ఎవరికీ కనిపించదు. ఇంట్లో ఒకరు దూరం పోవాల్సి వస్తే సంపాదించే మనిషే పోవాలి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే, సాయంత్రం ముందుగా ఇల్లు చేరేవాళ్ల డ్యూటీ వైపు జరగండి, అదీ గుండ్రం దాటకుండా. కావలి నుంచో గూడూరు నుంచో నెల్లూరుకు ఉద్యోగానికి వచ్చేవాళ్ల సంగతి కొంచెం వేరు. రైలు ఉంది, నెల సీజన్ టికెట్ చవక. పిల్లలు ఆ ఊళ్లోనే చదువుతుంటే కుటుంబాన్ని కదిలించవద్దు.

అసలు కష్టం ఇక్కడే: దారిని టైము పెట్టి చూడటం

ఇల్లు చూడటానికి అందరూ ఆదివారం పదకొండు గంటలకు పోతారు. రోడ్లు ఖాళీ, ఎండ బాగా కాస్తుంది, బ్రోకర్ "స్కూలు పది నిమిషాలే సార్" అంటాడు. ఆ రోజు అది నిజంగానే పది నిమిషాలు. అందుకే నమ్ముతారు. నేనూ నమ్మాను.

మా అమ్మాయి యూకేజీలో ఉన్నప్పుడు పొదలకూరు రోడ్డు వైపు ఇల్లు తీసుకున్నాం. మంచి ఇల్లు, మంచి నీళ్లు. బడి ఆరు కిలోమీటర్లు, బస్సు ఇంటి ముందుకే వస్తుందన్నారు. 7 గంటల 5 నిమిషాలకు బస్సు ఎక్కేది, బడి 8:30కి. ఆరు కిలోమీటర్లకు అంతసేపు ఎందుకని నాకు తట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునే నిద్రపోయేది. మా ఆవిడ రక్తం తక్కువేమోనని టానిక్ కూడా పట్టింది.

ఒక రోజు సెలవు పెట్టి బస్సు వెనకే బైకు మీద పోయాను. బస్సు బడి వైపు పోలేదు. అటు తిరిగి రెండు కాలనీలు చుట్టి, ఒక అపార్ట్‌మెంట్ ముందు హారన్ కొట్టుకుంటూ నాలుగు నిమిషాలు నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చింది. సరిగ్గా 7:40కి మా వీధి చివరి మలుపు మీదుగానే పోయింది. ఇంటి దగ్గర ఎక్కిన పిల్ల ముప్పై ఐదు నిమిషాల తర్వాత ఇంటి దగ్గరే ఉంది. కిటికీ కడ్డీకి తల ఆనించి, ఐడీ కార్డు తాడు నోట్లో పెట్టుకొని నిద్రపోతోంది. బడి దగ్గర ఆయా చంకన వేసుకొని దించింది. ఆ నెలే ఇల్లు ఖాళీ చేశాం.

పొద్దున యాభై నిమిషాలు, సాయంత్రం యాభై నిమిషాలు అనవసరంగా పోతున్నాయనుకోండి. ఏడాదికి 220 పనిదినాలకు 22,000 నిమిషాలు, అంటే రాత్రీ పగలూ కలిపి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులు ఆడుకోవాల్సిన, నిద్రపోవాల్సిన టైములోంచి తీసినవి.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ పని చేయండి. పనిరోజున, సోమవారమైతే ఇంకా మంచిది, పొద్దున బడి టైముకు గంట ముందు ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడండి. అక్కడి నుంచి బడి గేటు దాకా పోయి, నోటులో టైము రాసుకోండి. సాయంత్రం బడి వదిలే టైముకు తిరుగు దారి కూడా చూడండి. ఒక రోజు చాలదు, రెండు రోజులు చూడాలి.

బడి బస్సు గురించి ఆఫీసులో అడగవద్దు. వాళ్లు "మీ ఏరియాకు బస్సుంది" అని మాత్రమే చెప్తారు. సాయంత్రం బస్సులు నిలిపే చోటికి పోయి డ్రైవరునో ఆయానో అడగండి: "అన్నా, మా స్టాప్ పొద్దున ఎన్నోది? సాయంత్రం ఎన్నోది?" రెండు ప్రశ్నలూ అడగాలి. కొన్ని రూట్లలో పొద్దున ముందు ఎక్కినవాళ్లు సాయంత్రం ఆఖర్న దిగుతారు. పొద్దున మొదటి స్టాప్, సాయంత్రం చివరి స్టాప్ అయితే ఆ ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. ముప్పై ఐదు నిమిషాలు దాటిన బస్సు ప్రయాణం ప్రాథమిక తరగతుల పిల్లలకు వద్దు. ఇది నా ఇంట్లో నియమం, మీ ఇంట్లోనూ ఉండాలి. బస్సుకు ఆ ఏడాది ఫిట్‌నెస్ అయిందో లేదో కూడా అక్కడే కనుక్కోండి. ఒళ్లో ఒకరు, డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చునే ఆటోల గురించి అసలు ఆలోచించవద్దు.

ఇప్పుడు వాన సంగతి. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఇది తెలియదు. మనకు పెద్ద వానలు జూన్, జూలైలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నెల్లూరును రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి. అటూ ఇటూ పోవాలంటే మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండ్ అండర్ బ్రిడ్జిల లాంటి వాటి కిందుగా దూరాలి. గట్టి వాన రెండు గంటలు పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి. బైకులు ఆగిపోతాయి, ట్రాఫిక్ అంతా పైవంతెన ఉన్న చోటికి మళ్లుతుంది, పదిహేను నిమిషాల దారి గంట అవుతుంది. ఇల్లు, బడి రెండూ పట్టాలకు ఒకే వైపున ఉండాలి. నా లెక్కలో మూడు కిలోమీటర్ల గుండ్రం కన్నా ఇది ముఖ్యం. పట్టాలకు అవతల రెండు కిలోమీటర్ల బడి కన్నా ఇవతల నాలుగు కిలోమీటర్ల బడి మేలు.

పెన్నకు అవతల, కోవూరు వైపు ఇళ్లకు అద్దె తక్కువని పోతారు. పిల్లలు అక్కడే చదివితే మంచిదే. నది దాటించి నెల్లూరుకు పంపాలంటే మాత్రం 2021 నవంబరు గుర్తు చేసుకోండి. పెన్నకు వరద వచ్చినప్పుడు హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. అలాంటి వరద ప్రతి ఏడాదీ రాదు. కానీ పిల్లలు ఒక ఒడ్డున, మీరు ఒక ఒడ్డున ఉండే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ వీధిలో ఇస్త్రీ బండి ఆయన్నో, చిల్లర కొట్టు ఆమెనో అడగండి, "ఆ ఏడాది ఇక్కడ నీళ్లు ఎందాక వచ్చాయి?" అని. గోడ మీద చేత్తో చూపిస్తారు.

కొనవద్దు, అద్దెకు ఉండండి

బడి కోసం ఇల్లు కొనేవాళ్లకు నేను గట్టిగానే చెప్తాను. ఐదో తరగతి తర్వాత బడి మారుతుంది, పదో తరగతి తర్వాత కాలేజీ ఎక్కడో ఉంటుంది, పిల్ల ఎనిమిదిలోకి వస్తే సైకిల్ మీద తనే పోతుంది. ఇరవై ఏళ్ల బ్యాంకు లోను ఐదేళ్ల బడికి ముడిపెట్టకూడదు. పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకోండి, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో అందులో ఉండాలి.

సంతకానికి ముందు ఇంకొక్కటి తేల్చుకోండి. బడిలో పిల్లకు జ్వరం వచ్చి ఫోను వస్తే అరగంటలో ఎవరు పోతారు? నేను పోర్టు నుంచి రావడానికి గంట పడుతుంది. మాకు పక్క వీధిలో మా పిన్నమ్మ ఉంది, ఆమె పేరు, ఫోను నంబరు బడి రిజిస్టర్‌లో రాయించాం. మీకు అలాంటి మనిషి లేకపోతే పక్కింటివాళ్లతో పరిచయం అయ్యేదాకా, ఇంట్లో ఒకరి సెలవులు దాచిపెట్టుకోండి.

సామాను బడి తెరవడానికి వారం ముందే దించండి. ఒక సాయంత్రం పిల్ల చెయ్యి పట్టుకొని ఇంటి నుంచి బడి గేటు దాకా నడవండి. దారిలో గుర్తులు మీరు చెప్పవద్దు, తననే చెప్పమనండి. మా అమ్మాయి కొత్తింటి దగ్గర చెప్పిన గుర్తులు ఇవి: నీళ్ల ట్యాంకు, జామచెట్టు, పడుకునే కుక్క, పచ్చ గేటు.